కపోసి సార్కోమా

రక్తనాళాలు, రసనాళాల లోపలి పొర కణాల నుంచి పుట్టే క్యాన్సర్. చర్మంపై ఊదా లేదా ముదురు గోధుమ రంగు మచ్చలుగా మొదలై గడ్డలు కడుతుంది. సాధారణంగా దురద, నొప్పి ఉండవు. అంగిలికి, పేగులకు, ఊపిరితిత్తులకూ పాకవచ్చు. ఎంత త్వరగా ముదురుతుందన్నది చాలావరకు రోగి నిరోధక శక్తిని బట్టి ఉంటుంది.

1872లో వియన్నా చర్మవైద్యుడు మోరిట్జ్ కపోసి ఐదుగురు రోగులలో దీన్ని గుర్తించి వివరించాడు. తర్వాత వందేళ్లపాటు ఇది ప్రధానంగా మధ్యధరా ప్రాంతపు, యూదు వృద్ధుల కాళ్లపై నెమ్మదిగా పెరిగే జబ్బుగానే పేరుపడింది. ఆఫ్రికాలో మరో రూపం ఉండేది. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారిలోనూ కనిపించేది. నిరోధక శక్తిని అణచే మందులు తగ్గిస్తే కొందరిలో గడ్డలూ కరిగేవి.

1981 జూలై 3న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వారపత్రిక 26 మంది స్వలింగ సంపర్క పురుషుల్లో ఈ క్యాన్సర్ కనిపించిందని ప్రకటించింది. ఇరవై మంది న్యూయార్క్ వారు, ఆరుగురు కాలిఫోర్నియా వారు. సగటు వయసు 39. ఎనిమిది మంది జబ్బు బయటపడిన రెండేళ్లలోపే చనిపోయారు. తర్వాత ఎయిడ్స్‌గా పేరుపడిన జబ్బుకు ముఖంపై ఊదా మచ్చ ముద్రగా మారింది. 1993 నాటి ‘ఫిలడెల్ఫియా’ సినిమాలో కథానాయకుడి జబ్బును బయటపెట్టేది అదే.

నిరోధక శక్తి క్షీణించడం ఒక్కటే కారణమైతే ఎయిడ్స్ రోగులందరికీ ఒకేలా రావాలి. రాలేదు. 1990లో వ్యాధి వ్యాప్తి శాస్త్రవేత్త వాలెరీ బెరల్ బృందం అమెరికా లెక్కలు చూస్తే, ఎయిడ్స్ ఉన్న స్వలింగ సంపర్క పురుషుల్లో 21 శాతానికి, రక్తం ద్వారా హెచ్ఐవీ సోకి ఎయిడ్స్ వచ్చిన హీమోఫీలియా రోగుల్లో ఒక శాతానికి ఈ క్యాన్సర్ ఉంది. లైంగికంగా సోకే మరో క్రిమి ఉండాలని వారు సరిగ్గా ఊహించారు. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు ఒకే రోగి గడ్డ డీఎన్ఏను అతని ఆరోగ్యకర కణజాలంతో పోల్చి, తేడాగా మిగిలిన ముక్కల నుంచి ఈ క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌హెచ్‌వి-8 వైరస్‌ను పట్టుకున్నారు.

ఎయిడ్స్ రోగుల్లో ఈ క్యాన్సర్ ముప్పును అంచనా వేసే 1989 నాటి వర్గీకరణలో గడ్డ విస్తృతితో పాటు, హెచ్ఐవీ నాశనం చేసే సీడీ4 నిరోధక కణాల సంఖ్యనూ చేర్చారు. 200 కంటే తక్కువైతే ముప్పు ఎక్కువన్నారు. 1996 నుంచి హెచ్ఐవీ మందుల కలయికతో కేసులు బాగా తగ్గాయి. చాలామందికి నిరోధక శక్తి కోలుకోగానే మచ్చలు వెనక్కి తగ్గాయి. కొందరిలో మాత్రం మందులు మొదలెట్టిన వారాల్లో అవే ఉబ్బాయి. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు సీడీ4 300 దాటి, హెచ్ఐవీ అదుపులో ఉన్న తొమ్మిది మందిలోనూ ఈ క్యాన్సర్‌ను చూశారు.

భారతదేశంలో, హెచ్ఐవీ ఎక్కువగా నమోదైన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సైతం, ఈ క్యాన్సర్ అరుదు. ఇక్కడ హెచ్‌హెచ్‌వి-8 వ్యాప్తి తక్కువగా ఉండడమే కారణమని భావిస్తారు.