అచ్చుపోసిన ఆంబోతు ఎవరి సొత్తు?

పనీపాటా లేకుండా ఊరి మీద పడి తిరిగేవాణ్ణి "అచ్చుపోసిన ఆంబోతు" అని తిడతాం. మా రెంటచింతలలో ఈ మాట ఇప్పటికీ ఆడవాళ్ళ నోట వినపడుతుంది. కానీ ఈ తిట్టు వెనక మంచి ఏర్పాటొకటి ఉంది. వేర్వేరు ఇళ్ళలో పెరిగే పశువులను ఎప్పుడు, దేనితో జత కలపాలన్న చిక్కును మన ఊళ్ళు తీర్చుకున్న తీరు అది.

ఈ చిక్కు ఆవులకే కాదు. పట్నాల్లో పర్షియన్ పిల్లులను పెంచేవాళ్ళకూ ఉంది. ఆడపిల్లి ఒకరింట్లో ఉంటుంది, మగపిల్లి ఇంకొకరింట్లో. ఎద సమయంలో ఆడపిల్లిని మగపిల్లి ఉన్న ఇంటికి తీసుకెళ్ళి కొన్ని రోజులు ఉంచుతారు. బదులుగా డబ్బో, పుట్టిన కూనల్లో ఒకటో ఇస్తారు. ఇంగ్లాండులో 1871లో హారిసన్ వియర్ అనే ఆయన లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన పెట్టాడు. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్ ఏర్పడ్డాక ఏ పిల్లి ఏ జంటకు పుట్టిందో పుస్తకంలో రాసిపెట్టుకున్నారు. ఎరగని ఇంటివాళ్ళను నమ్మాలంటే రాత కావాలి కదా.

మన ఊళ్ళలో ఆ పుస్తకం లేదు. ఆంబోతు ఉండేది. ఇంటి పెద్ద పోయినప్పుడు పదకొండో రోజున ఒక కోడెకు కాల్చిన ఇనుముతో అచ్చు వేసి, దేవుడి పేర వదిలేవారు. దీన్నే వృషోత్సర్జనం అంటారు. ఆ రోజు నుంచి అది ఏ ఇంటిదీ కాదు, ఊరందరిదీ. ఎవరి చేలో పడి మేసినా కొట్టరు. నాగలి కట్టరు. ఏ ఇంటి ఆవు ఎదకొచ్చినా అదే దాటుతుంది. ధర లేదు, బేరం లేదు. డబ్బున్నవాళ్ళ ఆవుకూ, ఒక్క ఆవే ఆధారమైన ఇంటి ఆవుకూ దక్కేది ఒకే ఆంబోతు. పోయినవాళ్ళ పేరున వదిలేది కాబట్టి నాసి కోడెను వదిలితే ఆ ఇంటికే పరువు తక్కువ.

ఆంబోతు ఊరిదైనా, సమయం చూసేది మాత్రం ఇంటి ఆడవాళ్ళు. ఆవు ఇంచుమించు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. అది నిలిచేది ఒక పగలో, ఒక రాత్రో. ఆవు ఊరికే అరుస్తుంది, మేత మీద ధ్యాస ఉండదు, పాలు తగ్గుతాయి, తీగలు వేస్తుంది. పొద్దున్నే పేడ తీసి, పాలు పితికే మనిషికే ఇవి ముందు కనిపిస్తాయి. మా నాయనమ్మ కొట్టం గోడ మీద బొగ్గుతో గీతలు గీసి రోజులు లెక్కపెట్టేది. కానీ ఆ సంగతి మగవాళ్ళ ముందు విప్పి చెప్పేది కాదు. "ఆవు అరుస్తోంది, చూడండి" అనేది, అంతే. మిగతాది వాళ్ళకు అర్థమయ్యేది.

ఇంకో లెక్క కూడా ఆమె దగ్గరే ఉండేది. ఒకే ఆంబోతు ఏళ్ళ తరబడి ఊళ్ళో ఉంటే, దానికి పుట్టిన పెయ్యలే మళ్ళీ దాని దగ్గరికి వస్తాయి. దగ్గరి రక్తం కలిస్తే పుట్టే దూడలు బలహీనమవుతాయి. అందుకే ఏ పెయ్య ఏ ఆంబోతుకు పుట్టిందో గుర్తుండాలి. ఇంగ్లాండు వాళ్ళు పుస్తకంలో రాసుకున్నది ఇక్కడ నాయనమ్మలు మనసులో పెట్టుకున్నారు.

మన ఒంగోలు జాతికీ పుస్తకం ఉంది, దూరాన బ్రెజిల్లో. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. అక్కడి ఉబెరాబా పట్టణంలో 1938 నుంచి ఈ పశువుల వంశావళి నమోదవుతోంది. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి వెళ్ళిన ఆంబోతుల్లో ఒకదాని పేరు కరవది. అది ఒంగోలు దగ్గరి ఊరి పేరు. ఇంకొకటి గోదావరి, మరొకటి ఆకాశం. ఆ పేర్లతో వంశాలు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. వాటి తల్లులకు కుడితి పెట్టిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఇక్కడేమో కాలం మారింది. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్ళొచ్చాయి. తర్వాత ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల పని తగ్గించాయి. పాల కోసం గేదెలు, జెర్సీ ఆవులు వచ్చాయి. మన దేశంలో కృత్రిమ గర్భధారణ మొదట చేసింది 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో. ఇప్పుడు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిన వీర్యాన్ని గోపాలమిత్ర మోటారు సైకిల్ మీద ఇంటికే తెస్తాడు. దాన్ని మనం "సూది" అంటాం. ఊరి ఆంబోతుతో పని తీరిపోయింది. తిట్టు మాత్రం మిగిలింది.

సూది వచ్చినా మన పని పోలేదని నాకనిపిస్తుంది. ఆంబోతు ఎదను తనే పసిగట్టేది. సూది పసిగట్టదు. పొద్దున కనిపించిన ఎదకు సాయంత్రం, సాయంత్రం కనిపించినదానికి మర్నాడు పొద్దున సూది వేయించాలి. ఆ వేళ తప్పితే మరో 21 రోజులు ఆగాల్సిందే. అన్ని రోజుల మేత దండగ, పాడి వెనకబడటం ఇంటి ఖర్చు చూసే మనకే తెలుస్తాయి.

ఆవున్న ఇంటి అక్కాచెల్లెళ్ళు ఒక పని చేయండి. సూది వేసే గొట్టం మీద ఆంబోతు నంబరు, జాతి అచ్చువేసి ఉంటాయి. గోపాలమిత్రను అడిగి, పాలలెక్క రాసే క్యాలెండరు మీద తేదీ పక్కనే రాసుకోండి. దూడ పుట్టాక దాని పేరూ, తల్లి పేరూ రాయండి. ఆ పెయ్య ఎదకొచ్చే రోజున ఏ నంబరు వద్దనాలో ఆ కాగితమే చెబుతుంది. పాత క్యాలెండరు పారేయకండి.