సీసా నీళ్లలో ద్రాక్షగుత్తి

అక్టోబరు చివర కోసిన ద్రాక్షగుత్తిని మరుసటి ఏడు మే నెలలో, కాడ ఇంకా పచ్చగా ఉండగానే, బల్ల మీద పెట్టి అమ్మిన ఊరొకటి ఫ్రాన్సులో ఉంది. పేరు తొమ్రీ. ఐసు లేదు, కరెంటు లేదు, మందు చల్లడం లేదు. ఆ ఊరివాళ్లు గుత్తిని తొడిమ దగ్గర తెంపేవారు కాదు. అది కాసిన కొమ్మముక్కతో సహా కోసి, ఆ ముక్క అడుగును చిన్న గాజుసీసాలోని నీళ్లలో దించి, చీకటిగదిలో అరల మీద వరసగా నిలబెట్టేవారు. చెట్టు నుంచి విడిపోయిన సంగతి గుత్తికి ఆర్నెల్ల దాకా తెలిసేది కాదన్నమాట.

ఈ సంగతి చదివినప్పటి నుంచి నాకు దాని మీదే ధ్యాస. పూలకొమ్మను నీళ్లలో పెట్టడం ఎవరికైనా తోస్తుంది. పండుకు కూడా ఆ మర్యాద చేయవచ్చన్న ఆలోచన ఎంత అందమైనది!

పారిస్‌కు ఆగ్నేయంగా అరవై కిలోమీటర్ల దూరంలో, సెన్ నది మలుపులో, ఫోంటెన్‌బ్లో అడవి అంచున ఉంటుంది తొమ్రీ. నిజం చెప్పాలంటే అది ద్రాక్షకు అచ్చొచ్చే చోటు కాదు. ఉత్తరాది చలి, చల్లని నేల. పక్కనే ఫోంటెన్‌బ్లో రాజభవనం తోటలో మాత్రం ఒక పొడవాటి గోడకు పాకించిన ద్రాక్షతీగలు రాజుగారి కోసం కాసేవి. 1730లో ఫ్రాన్స్వా షార్మూ అనే రైతు ఆ కిటుకును ఊళ్లోకి తెచ్చాడు. దక్షిణానికి ముఖం చేసి రాతిగోడ కట్టి, దానికి షాస్లా అనే లేత బంగారు రంగు ద్రాక్షను పాకించాడు. పగలు ఎండకు కాగిన గోడ రాత్రి ఆ వేడిని తీగకు ఇస్తుంది. గోడ నెత్తిన పెంకులతో చిన్న చూరు ఉంటే వాన గుత్తుల మీద పడదు. అతన్ని చూసి పక్కవాడు, అతన్ని చూసి ఇంకొకడు కట్టారు. 20వ శతాబ్దం మొదటికి ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి గోడల పొడవు 250 కిలోమీటర్లు దాటిందని లెక్క వేశారు. ఇల్లూ వాకిలీ తప్ప మిగిలిన స్థలమంతా గోడలే. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో నడిచేందుకు దారి.

గోడ పండిస్తుంది, దాచదు. దాచే పద్ధతి 1848 ప్రాంతంలో వచ్చింది. బాప్తిస్త్ రోజ్ షార్మూ అనే తోటమాలి పేరు దానితో ముడిపడింది. అదే వంశంవాడు, 1863లో తొమ్రీ ద్రాక్షసాగు మీద పుస్తకం కూడా రాశాడు. అంతకుముందు అందరూ చేసినట్టే ఆ ఊరివాళ్లూ గుత్తులను గడ్డి మీద పరిచి దాచేవారు. పండు ఉండేది గానీ కాడ ఎండి గోధుమరంగుకు తిరిగేది, గింజ వడలి ముడతలు పడేది. దాచిన ద్రాక్షలో ముందు చచ్చేది పండు కాదు, కాడ. కాడ ఎండితే పండు రాలుతుంది, నీరు పోయి సొట్టలు పడుతుంది. కాబట్టి కాడకు నీళ్లు తాగించాలి. కాడకు నీళ్లు అందాలంటే కొమ్మ ఉండాలి. అందుకే గుత్తికి కింద రెండు మూడు కణుపుల కొమ్మ, పైన ఒక కణుపు వదిలి కోసేవారు. ఆకులన్నీ తీసేసేవారు, లేకపోతే నీళ్లన్నీ అవే తాగేస్తాయి. సీసాలో నీళ్లు పోసి చిటికెడు కట్టెబొగ్గు వేసేవారు. దాంతో నీళ్లు నెలల తరబడి వాసన పట్టేవి కావు. గుత్తి దేనికీ తగలకుండా గాలిలో వేలాడేటట్టు సీసాను కాస్త ముందుకు వంచి పెట్టేవారు.

ఆ గది గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఎక్కువగా ఇంటి పైభాగంలోనే ఉండేది. గోడలు మందం, తలుపులు రెండేసి, కిటికీలకు తలుపులు ఎప్పుడూ మూసే ఉండేవి. వెలుతురు రాకూడదు, మంచు గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. గట్టి చలి రాత్రుల్లో చిన్న దీపమో పొయ్యో వెలిగించి నీళ్లు గడ్డకట్టకుండా చూసుకునేవారు. చెమ్మ మరీ పెరిగితే దాన్ని పీల్చుకునే పదార్థాలు మూలల్లో పెట్టేవారు. ఇక రోజూ, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లు, సన్నమొన కత్తెర పట్టుకుని వరస వెంట వరస చూసుకుంటూ పోయేవారు. మచ్చపడ్డ గింజ కనిపిస్తే పక్కదాన్ని తాకకుండా కత్తిరించి తీసేయాలి. ఒక్క గింజ కుళ్ళితే గుత్తి పోతుంది, గుత్తి పోతే బూజు అర మొత్తానికి పాకుతుంది. వేసవిలో తీగ మీద ఉండగానే ఇదే కత్తెరతో గుత్తిలోంచి గింజలు తీసి పలచన చేసేది కూడా వాళ్లే. గింజకూ గింజకూ మధ్య గాలి ఆడని గుత్తి గదిలో నిలవదు. అంటే దాచడం అక్టోబరులో మొదలయ్యే పని కాదు. జూన్, జూలైలోనే తోటలో మొదలైపోయేది.

పారిస్‌కు సరుకు ముందు పడవల మీద వెళ్లేది, 1849లో రైలు వచ్చాక బండి మీద. బుట్టల్లో గుత్తుల కింద పరిచేది పక్క అడవిలోని ఫెర్న్ ఆకులే. ఖర్చు లేదు, మెత్తగా ఉంటాయి, నేలలో వేస్తే ఎరువు. సంక్రాంతి దాటాక ఇక్కడ మనం రేగుపళ్లు ఏరుకునే రోజుల్లో అక్కడ తాజా ద్రాక్ష ధర ఎన్నో రెట్లు పలికేది. ఆ ఊరి ఇళ్ల సొగసు ఇప్పటికీ ఆ డబ్బు ఎంతటిదో చెబుతుంది.

తర్వాత అదే రైలు దక్షిణ ఫ్రాన్సు నుంచి చవక ద్రాక్షను కూడా పారిస్‌కు దించింది. 1914 యుద్ధం తోటల్లో పనిచేసే మగవాళ్లను తీసుకుపోయింది. శీతల గిడ్డంగులు వచ్చాయి. రెండో యుద్ధం తర్వాత ఒక్కో గదీ ఖాళీ అయింది. కొన్ని గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. మచ్చపడ్డ గింజను చూసీ చూడగానే గుర్తించే ఆ కళ్లు, వణకని ఆ వేళ్లు మాత్రం ఏ గిడ్డంగిలోకీ చేరలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. యంత్రం చలిని తయారు చేసింది. శ్రద్ధను తయారు చేయలేకపోయింది.

సీసాకు ముందు మట్టి ఉంది. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథం పన్నెండో భాగంలో ద్రాక్షను దాచే పద్ధతి ఒకటి వివరించాడు. గుత్తి కాడను కరిగిన కీలులో ముంచాలి. కొత్త మట్టిమూకుట్లో బాగా ఎండిన పొట్టు పోసి గుత్తులు పెట్టాలి. ఇంకో మూకుడు బోర్లించి, రెండింటి అంచులనూ గడ్డి కలిపిన మట్టితో మెత్తాలి. తర్వాత పొడి అటక మీద పొట్టులో కప్పెట్టాలి. చదువుతుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే దాదాపు ఇదే పని ఇవాళ్టికీ అఫ్గానిస్తాన్‌లో చేస్తున్నారు. కాబూల్‌కు ఉత్తరాన ఊళ్లలో మట్టినీ గడ్డినీ కలిపి తొక్కి, మూకుడు ఆకారంలో రెండు చిప్పలు చేసి ఎండబెడతారు. మందపు తోలున్న ద్రాక్షను, దెబ్బ తగలనిదాన్ని, కిలో రెండు కిలోలు అందులో పెట్టి అంచులు మెత్తేస్తారు. దాన్ని కంగినా అంటారు. చల్లటి మూల దాచి, మార్చిలో నౌరోజ్ పండక్కి పగలగొడితే లోపల ద్రాక్ష తాజాగా ఉంటుంది. వేలమైళ్ల దూరంలో, రెండువేల ఏళ్ల తేడాలో, మట్టి చేసిన ఆలోచన ఒక్కటే.

మధ్యలో వందల ఏళ్లు గబగబా దాటిపోదాం. పర్షియా, బల్ఖ్, బుఖారా, సమర్కందుల తాజా ద్రాక్ష దూదిలో చుట్టుకుని మొగలు ఢిల్లీకి వచ్చేదని 1660ల నాటి ఫ్రెంచి వైద్యుడు బెర్నియే రాశాడు. చలికాలమంతా నిలిచే ఖర్బూజాలు కూడా వచ్చేవట, ధర మాత్రం ఎక్కువట. అంతకు నూరేళ్లకు పైగా ముందే బాబరు హిందుస్తాన్‌లో ఒక ఖర్బూజా కోసి తింటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. టాగూరు కథలో కాబూలీవాలా చేతిలో ఉండేవి కూడా ద్రాక్షపెట్టెలే. కానీ 1999లో తాలిబన్లు కాబూల్‌కు ఉత్తరాన షొమాలి మైదానంలో ఇళ్లనూ ద్రాక్షతోటలనూ తగలబెట్టారు. తోట కాలిపోతే మళ్లీ నాటుకోవచ్చు. ఊరు చెదిరిపోతే కంగినా మట్టి ఏ పాళ్లలో కలపాలో ఎవరు ఎవరికి చెబుతారు?

మట్టిచిప్పలో జరిగేదేమిటో కనిపెట్టిన మొదటివాళ్లలో మోంపెల్యే రసాయన శాస్త్రవేత్త బెరార్ ఒకడు. కోసిన పండు కూడా ఊపిరి పీలుస్తుందని, ప్రాణవాయువు తీసుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతుందని, ప్రాణవాయువు అందకపోతే పండడం ఆగిపోతుందని 1821లో చూపించాడు. ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ బహుమతి కూడా ఇచ్చింది. దాన్ని పట్టించుకోవడానికి ప్రపంచానికి ఇంకో వందేళ్లు పట్టింది. కేంబ్రిడ్జ్‌లో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు ఆపిల్‌ను మూసిన గదిలో పెట్టి వాయువుల పాళ్లు మార్చి చూశారు, 1927లో నివేదిక ఇచ్చారు. ఇవాళ ఆపిల్ ఏడాది పొడవునా బజారులో దొరకడానికి మూలం అదే. కంగినా చేసేది కూడా అదే. బిగించిన మట్టిలో పండు వదిలిన వాయువు నిలిచిపోతుంది, ఊపిరి మందగిస్తుంది, చెమ్మ మాత్రం మరీ పోగుపడకుండా మట్టి పీల్చుకుంటుంది.

మరి ఈ సీసాలు, మూకుళ్లు మన దగ్గర ఎందుకు లేవు? కారణం కాలమే. తొమ్రీలోనూ కాబూల్‌లోనూ ద్రాక్ష చలికి ముందు వస్తుంది, చలికాలమే గిడ్డంగి. దక్కనులో ద్రాక్ష ఎండలకు ముందు వస్తుంది. హైదరాబాదులో 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తోటలో వెలుగు చూసిన అనాబ్-ఎ-షాహి ఎంత గొప్ప రకమైనా, కోసేది శీతాకాలం చివర, వేసవి గడపలో. ఆ తోటలు చాలావరకు ఇప్పుడు ఇళ్ల స్థలాలు. మనకు కావలసింది చలిని దాచుకునే గది కాదు, ఎండలోంచి చలిని పిండే గది.

అలాంటిది ఒకటి ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో 1980లలో రూపుదిద్దుకుంది. నేల మీద ఇటుకలు పరిచి, చుట్టూ రెండు ఇటుక గోడలు లేపి, మధ్య సందులో ఇసుక నింపుతారు. పొద్దునా సాయంత్రం ఆ ఇసుకను తడిపి, పైన గోనెపట్టాతోనో గడ్డితోనో కప్పుతారు. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ముదురు వేసవిలో లోపల 10 నుంచి 15 డిగ్రీలు తక్కువ, చెమ్మ 90 శాతం దాకా. కరెంటు బిల్లు లేదు, మేస్త్రీ కూడా అక్కర్లేదు. నైజీరియా ఉత్తరాదిలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు, కుమ్మరి కుటుంబంవాడు, 1995 నుంచి ఇదే సూత్రాన్ని కుండలో కుండగా, మధ్య తడి ఇసుకతో ఊరూరా పంచాడు. మూడు రోజుల్లో పాడయ్యే వంకాయ 27 రోజులు నిలిచింది. రోజూ బజారుకు పరిగెత్తి కూరలు అమ్ముకు రావలసిన ఆడపిల్లలకు బడికి వెళ్లే తీరిక దొరికింది. 2000లో అతనికి రోలెక్స్ పురస్కారం వచ్చింది.

ఈ ఇసుకగోడ అనంతపురం, మహబూబ్‌నగర్ పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం ఉక్కలో అంతగా చేయదు, గాలిలో అప్పటికే నీరు నిండి ఉంటే ఆవిరికి చోటుండదు. చెట్టునీడలో, గాలి ఆడే చోట, నీళ్లకు దగ్గరగా కట్టుకోవాలి. టమాటా, ఆకుకూరలు, పూలు లోపల పెట్టుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం పెట్టకూడదు. ఆ చెమ్మకు అవి మొలకెత్తుతాయి, కుళ్లుతాయి కూడా. వాటికి గాలి తగిలే వెదురు అటకే సరైన చోటు.