గోడమీది గ్రామచరిత్ర



చరిత్ర యనగానే మనకు ముఖలింగ శాసనములును, 1757 నాటి బొబ్బిలి యుద్ధమును స్ఫురించును. కడవతో నీరు మోసిన యిల్లాలికిని, కొండవాలున పోడు కొట్టిన రైతునకును శాసనము వేయించినవారు లేరు. అట్టివారి బ్రతుకు తెలిసికొనుటకు పలుచోట్ల చిత్రమే యాధారము.

మెక్సికో దేశమున నీ పనిని చెక్క అచ్చులు చేసినవి. నల్లగా పడవలసిన గీతను నిలిపి, తెల్లగా నుండవలసిన చోటును ఉలితో తొలిచి, సిరా పూసి కాగితముపై నొత్తుదురు. 1937లో మెక్సికో నగరమున కొందరు చిత్రకారులు కూడి ప్రజాచిత్ర ముద్రణశాలను స్థాపించి, చెక్కపైనను లినోలియముపైనను సేద్యగాండ్రను, కూలివారిని చెక్కి, సామాన్యులకు అందునట్లు అచ్చొత్తిరి.

మన సాలూరునకు ఈశాన్యమున కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సీతంపేట కొండలలో సవరలున్నారు. వారికి ఇంటిగోడయే కాగితము. ఎఱ్ఱమట్టి పూసిన గోడపై, నీట కలిపిన బియ్యపుపిండితో, వెదురుపుల్లయే కుంచెగా బొమ్మలు వ్రాయుదురు. చుట్టును గీచిన చట్రమే యిల్లు. అందు సూర్యచంద్రులు, చెట్లు, నెమళ్లు, బరువులు మోయువారు, వేటకాండ్రు, చేతులు పట్టుకొని ఆడువారు కనబడుదురు.

ఇది గోడకు సింగారము కాదు. రోగము తొలగుటకును, పంట పండుటకును, గతించిన పెద్దలను ఆదరించుటకును వ్రాయించు చిత్రము. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన సవరమత గ్రంథమున నీ యాచారమును విపులముగా వర్ణించెను. గుఱ్ఱములపైనను ఏనుగులపైనను ఎక్కినవారు ఆ చిత్రములలో తఱచుగా కానవత్తురు. బ్రతికియున్నపుడు కాలినడకనే కొండలెక్కి దిగినవానికి, పోయిన పిమ్మట గోడపై రాజవాహనము లభించినది! రైలు, విమానము వంటి క్రొత్త వస్తువులును అందు చేరినవి. లోకము కొండకు వచ్చిన వైనమును కొండవాడు తన గోడపై తానే లిఖించుకొనెను. ఇంతకంటె చరిత్ర యేమి కావలెను?

అయితే ఒక భేదమున్నది. చెక్క అచ్చు మిగిలియున్నచో మరల నొత్తవచ్చును. గోడ కూలినచో, మరల అలికినచో, చిత్రము పోవును. నేడు వీనిని గుడ్డపైనను కాగితముపైనను వ్రాసి అమ్ముచున్నారు. వ్రాయువానికి నాలుగు రూకలు చేరుట మంచిదే. కాని అమ్మకపు బొమ్మ యెవరి జబ్బునకు, ఏ తాతకొఱకు వ్రాసినదో చెప్పజాలదు. గీత నిలిచి కథ పోయినచో, మిగులునది సింగారమే.

గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటిమాట నేర్చి, 1931లో ఆ భాషను గూర్చిన గ్రంథము వెలువరించిరి. వ్యావహారిక వాదమున వారితో నేకీభవింపని మాబోటి పండిత శిష్యులును ఈ విషయమున వారికి చేయెత్తి మ్రొక్కవలసినదే. వారు మాటకు చేసిన యుపకారమును మనము చిత్రమునకు చేయవలెను. గ్రామపెద్దలారా! అట్టి గోడ మీ కంటబడినపుడు, ఆ యింటివారి యనుమతితో, ఎవరు వ్రాసిరో, ఏ యేట వ్రాసిరో, ఎందులకు వ్రాసిరో అడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఆ నాలుగు పంక్తులే రేపటివారికి శాసనమగును.