బాబీ ఓర్

రాబర్ట్ గోర్డన్ ఓర్ (జననం: 1948 మార్చి 20) కెనడాకు చెందిన మాజీ ఐస్ హాకీ ఆటగాడు. ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగ్‌లో బోస్టన్ బ్రూయిన్స్, షికాగో బ్లాక్ హాక్స్ జట్లకు డిఫెన్స్ స్థానంలో ఆడాడు. గడ్డి మైదానం హాకీలో ఫుల్‌బ్యాక్ లాంటిదే ఈ స్థానం. గోల్ ముందు కాపలా కాసి, చిక్కిన పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఫార్వర్డ్‌లకు అందిస్తే అప్పట్లో ఆ పని అయిపోయినట్టే. ఓర్ అక్కడితో ఆగేవాడు కాదు. పక్‌ను తానే తీసుకుని ఎదుటి గోల్ దాకా దూసుకుపోయేవాడు, ఎదుటివాళ్లు తేరుకునేలోగా తిరిగి తన చోటికి చేరేవాడు. ఆ వేగమే అతని అసలు బలం.

ఒంటారియోలోని ప్యారీ సౌండ్ అతని సొంత ఊరు. పన్నెండేళ్ల వయసులోనే బోస్టన్ ప్రతినిధుల కంట పడ్డాడు. ఒషావా జనరల్స్ జూనియర్ జట్టులో రాటుదేలి, 1966లో లీగ్‌లోకి వచ్చి, ఆ సీజన్‌కే ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు. అప్పటికి బోస్టన్ ఏళ్ల తరబడి ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్ కోసం జరిగే పోటీలు) ముఖం చూడని జట్టు.

1970 మే 10న సెయింట్ లూయిస్ బ్లూస్‌తో ఫైనల్ నాలుగో ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. 40 సెకన్లకే ఓర్ గోల్ కొట్టాడు, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ బోస్టన్‌దైంది. అదే క్షణంలో బ్లూస్ ఆటగాడు నోయెల్ పికార్డ్ కర్ర తగిలి ఓర్ గాల్లోకి లేచాడు. రే లూసియర్ తీసిన ఆ ఫొటో హాకీ చరిత్రలోనే అత్యంత ప్రసిద్ధమైనది. చూస్తే పడిపోతున్న మనిషిలా ఉండడు, ఎగురుతున్నట్టే ఉంటాడు. 1972లో కప్ తెచ్చిన గోల్ కూడా అతనిదే.

1970-71లో 37 గోల్స్, 102 అసిస్ట్‌లతో (సహచరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు) 139 పాయింట్లు సాధించాడు. ఒక సీజన్‌లో డిఫెన్స్ ఆటగాడెవరూ ఇంతవరకు దాన్ని దాటలేదు. 1970లోనూ 1975లోనూ లీగ్ మొత్తంలో అత్యధిక పాయింట్లు అతనివే. ఈ ఘనత మరే డిఫెన్స్ ఆటగాడికీ దక్కలేదు. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నారిస్ ట్రోఫీ 1968 నుంచి వరసగా ఎనిమిదిసార్లు అతని ఇంటికే వెళ్లింది.

ఎడమ మోకాలు మాత్రం మొదటి నుంచీ సతాయించింది. పదికి పైగా ఆపరేషన్లు జరిగినా నిలబడలేదు. 1976లో షికాగోకు మారాడు. బోస్టన్ తనకు జట్టులో వాటా ఇవ్వజూపిందని, ఆ సంగతి తన ఏజెంటు అలన్ ఈగల్‌సన్ దాచాడని ఓర్ తర్వాత చెప్పాడు. 1998లో ఈగల్‌సన్ హాకీ వ్యవహారాలకు సంబంధించిన మోసం కేసుల్లో నేరస్థుడిగా తేలాడు. షికాగోకు మారిన 1976లోనే, దేశాల మధ్య జరిగిన కెనడా కప్‌లో కుంటుతూనే ఆడి ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. షికాగోకు ఆడగలిగింది 26 ఆటలే. ఆడని కాలానికి జీతం తనకొద్దన్నాడు. 1978 నవంబరులో రిటైరయ్యాడు. మొత్తం 657 ఆటల్లో అతనివి 270 గోల్స్, 915 పాయింట్లు.

మరుసటి ఏడాదే రిటైరయ్యాక మూడేళ్లు ఆగాలన్న నిబంధనను పక్కనపెట్టి, 31 ఏళ్ల వయసులో అతన్ని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. బోస్టన్ అతని 4వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వలేదు. ఏజెంటు వల్ల దెబ్బతిన్న ఈ మనిషే తర్వాత తానూ ఏజెంటుగా మారి, కానర్ మెక్‌డేవిడ్ లాంటి యువ ఆటగాళ్ల వ్యవహారాలు చూసే సంస్థను నడిపాడు.