కాశీయా, రాజమండ్రా?

నాన్న అస్థికల ముంత ఊరి బయట వేపచెట్టుకు రెండు రోజులు వేలాడింది. ఇంట్లోకి తేకూడదుగా! చెట్టుకింద అన్నయ్యా చిన్నాన్నా తేల్చుకోలేకపోయారు.

చిన్నాన్నది కాశీ పట్టు. పూర్వం అదేమన్నా మాటలా? 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామికి, పల్లకీలూ బోయీలూ ఉండి కూడా, తిరిగొచ్చేసరికి 15 నెలలు దాటింది. మరి మామూలు రైతుకు గోదావరే గంగ అయిందంటే వింతేముంది? ఆ గోదావరికీ, 1900లో హేవలాక్ వంతెన వచ్చేదాకా, కొవ్వూరు వైపు నుంచి రాజమండ్రి చేరాలంటే పడవే దిక్కు.

గాంధీగారి చితాభస్మం ఎన్నో నదుల్లో కలిపారు. ఒక పెట్టె మాత్రం కటక్‌లో బ్యాంకు లాకర్లో ఉండిపోయి, 1997లో గానీ త్రివేణి సంగమం చేరలేదు. నెహ్రూ అయితే పిడికెడు గంగలో కలిపి, మిగతాది చాలావరకు విమానంలోంచి పొలాల మీద చల్లమని రాసిపెట్టారు. నాన్న వింటే "ఎరువైనా అవుతుంది" అనేవాడు.

చివరికి రాజమండ్రి కోటిలింగాల రేవు. పంతులుగారు మంత్రం చెబుతుంటే అన్నయ్య ముంత వంచాడు. బూడిద కాస్త తేలి, మళ్లీ మెట్ల దగ్గరికే వచ్చింది. చిన్నాన్న మోకాళ్ల లోతు దిగి, చేత్తో నీళ్లు తోస్తూ లోపలికి పంపించాడు.