ఎవరూ నాటని పువ్వు

2017 మార్చిలో నింటెండో కంపెనీ విడుదల చేసిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అనే వీడియో గేమ్‌లో ఒకచోట రాకుమారి జెల్డా గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని ఒక పువ్వును చూస్తుంటుంది. తెలుపులో నీలం కలిసిన పువ్వు. పేరు సైలెంట్ ప్రిన్సెస్. ఇది అంతరించిపోయే దశకు వచ్చిందనీ, తోటల్లో పెంచుదామని ఎంత తంటాలు పడ్డా బతకడం లేదనీ, ఆరుబయట తనంతట తాను పూయాల్సిందేననీ పక్కనున్న వీరుడు లింక్‌తో అంటుంది. కోటలో తండ్రి ఆజ్ఞల మధ్య ఊపిరాడని పిల్ల తన గోడే వెళ్లబోసుకుంటోందని ఆడేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు. భాద్రపదం చివర చెలక గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా విరగబూస్తుంది. పడావు భూముల్లో గునుగు మోకాలెత్తు లేస్తుంది. వాటిని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. గునుగైతే రైతుకు కలుపు కూడా. అయినా ఏడాదిలో బతుకమ్మ పండగ తొమ్మిది రోజులు ఆ రెండే పెద్దపీట ఎక్కుతాయి.

పువ్వు చేత మనిషి మనసును పలికించడం వీడియో గేముల వాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. దాని వేరు రెండు వందల ఏళ్ల కిందటి జర్మనీలో ఉంది. నోవాలిస్ అనే కలం పేరుతో రాసిన యువకవి ఇరవై ఎనిమిదేళ్లకే పోయాడు. ఆ మరుసటి ఏడాది, 1802లో, ఆయన అసంపూర్ణ నవల అచ్చయింది. అందులో నాయకుడికి కలలో ఒక నీలిపువ్వు కనిపిస్తుంది, ఇక జీవితమంతా దాని వెంటే. యూరప్ కాల్పనికోద్యమానికి ఆ నీలిపువ్వే గుర్తుగా నిలిచింది. ఆ కవి బతుకుతెరువుకు చేసింది ఉప్పుగనుల శాఖలో ఉద్యోగమని తెలిస్తే భూపాలపల్లి సింగరేణి కార్మికులు కొంచెం ఆప్యాయంగానే చూస్తారేమో. 1818 ప్రాంతంలో కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ గీసిన చిత్రం మరొకటి. పొగమంచు నిండిన లోయకేసి చూస్తూ, మనకు వీపు చూపించి, బండరాయి మీద ఒంటరిగా నిలబడ్డ మనిషి. జెల్డా ఆట మొదట్లో లింక్ గుహలోంచి బయటికొచ్చి కొండ అంచున నిలబడి రాజ్యాన్ని పరికించే దృశ్యం చూడగానే నాకు ఆ బొమ్మే గుర్తొచ్చింది. మన భావకవులూ ఆ గాలి పీల్చినవాళ్లే. కాకపోతే వాళ్లకు అది ఇంగ్లీషు కవుల మీదుగా అందింది.

మరి మన ప్రాంతపు కళలో పువ్వు ఎక్కడుంది? ఉంది, బోలెడంత ఉంది. కానీ దాదాపు అంతా తామరే.

భూపాలపల్లి జిల్లా గణపురంలో కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి గణపేశ్వరాలయ సముదాయం ఉంది. జనం కోటగుళ్లు అంటారు. ప్రధాన శివాలయం చుట్టూ చిన్న గుళ్లు, వాటన్నిటినీ చుట్టి ప్రాకారం. స్తంభాలకు ఆనించిన మదనికలు, గజకేసరి బొమ్మలు శిథిలాల మధ్య కూడా ఠీవి తగ్గకుండా నిలబడ్డాయి. అక్కడికి దగ్గరలోనే, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. లోపలికెళ్లి తలెత్తితే రంగమంటపం కప్పులో విచ్చుకున్న పద్మం. ఓరుగల్లు కోట తోరణాలకు వేలాడేవి తామర మొగ్గలు. పాలకుర్తి పక్కనే ఉన్న బమ్మెరను పోతన ఊరంటారు. ఆయన భాగవతంలోనూ విష్ణువు కన్నులు, పాదాలు, నాభి అన్నీ తామరలే.

జనగామ దగ్గర హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద ఉన్న పెంబర్తిలో ఆ తామర ఇత్తడిలోకి దిగింది. ఇక్కడి విశ్వకర్మలు పోతపోయరు, రేకు మీద కొడతారు. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, మీద నమూనా దించుకుని, కరిగించిన లక్క మీద అతికిస్తారు. లక్క దెబ్బకు కొంచెం లొంగుతుంది, రేకును మాత్రం చిరగనివ్వదు. ఉలి వెంట ఉలి మార్చి సన్నగా కొడుతూ పోతే రేకులో రేకలు ఉబ్బి పైకొస్తాయి. పని ముగిశాక వేడిచేసి లక్క వదిలిస్తారు. ధ్వజస్తంభాల తొడుగులు, మకరతోరణాలు, దేవుడి వాహనాలు ఇలా తయారైనవే. నిజాం కాలంలో గిరాకీ మారి పాన్‌దాన్లు, అత్తరుదాన్లు వచ్చాయి, వాటితోపాటు పూలతీగలూ వచ్చాయి. చేయి అదే, దేవుడి పువ్వు నవాబుల తాంబూలప్పెట్టె ఎక్కింది.

ఇంత పని జరిగిన నేలలో తంగేడు పువ్వు చెక్కిన రాయి గానీ, గునుగు కంకి కొట్టిన ఇత్తడి గానీ నా కంటపడలేదు. చెలక పువ్వు కాబట్టి గుడిలోకి రానివ్వలేదని కులం, దర్జా లెక్కలతో ఒక జవాబు చెప్పొచ్చు. అందులో నిజం లేకపోలేదు. తంగేడు చెక్కతో తోళ్లు నానబెట్టే వృత్తి ఊరికి ఏ కొసన ఉండేదో అందరికీ తెలుసు. కానీ పనివాడి వైపు నుంచీ చూడాలి. తామరను గుండ్రంగా గీసి ఎనిమిదికో పదహారుకో పంచుకుంటే ఉలి ఇక తడబడదు. తంగేడుకు ఉన్నవి అయిదే రేకలు, అవీ ఒకదానితో ఒకటి సమానం కావు. అంచులు ముడతలు పడి ఉంటాయి, మధ్యలోంచి వంకరగా పొడుచుకొచ్చే కేసరాలు వేరే. ఏ చక్రంలోనూ ఒదగదు.

రాతికెక్కని పువ్వు కథకెక్కింది. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య తెలంగాణ పోరాట కాలం మీద రాసిన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టారు. శివరాత్రి దాటాక అడవిలో ఆకంతా రాలిన మోదుగుచెట్టు నిలువునా ఎర్రబడుతుంది. దూరం నుంచి చూస్తే మంటే అనిపిస్తుంది. ఆ పూలు ఉడకబెట్టిన నీళ్లే కాముని పున్నానికి రంగు, ఆ ఆకులే పెళ్లి పందిట్లో విస్తళ్లు. ఇంత ఇంటి చెట్టును తీసుకుని ఆయన తిరుగుబాటుకు గుర్తు చేశారు. ఆ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఒరిగిపోయిన నేల ఇప్పటి జనగామ జిల్లాలోనే ఉంది. నోవాలిస్ పువ్వు అందని కల. రంగాచార్య పువ్వు గుంపుగా పూసేది, ఒంటరి మనిషి ఏకాంతం అందులో వెతికినా దొరకదు. నా లెక్కలో మన కాల్పనికత అసలు మలుపు ఇక్కడుంది.

నీటి మీద పూల సంగతి చూడండి. ఇంగ్లండులో జాన్ ఎవరెట్ మిలే 1851–52లో గీసిన ‘ఒఫీలియా’లో ప్రాణం పోతున్న అమ్మాయి వాగులో వెల్లకిలా తేలుతుంటుంది, చుట్టూ పూలు. ప్రతి పువ్వుకూ ఒక అర్థం: గసగసాల పువ్వు చావుకు, డైసీ అమాయకత్వానికి. ఆ తర్వాతి సినిమాలు, ఫాంటసీ ఆటలు ఈ బొమ్మ దగ్గర ఎన్ని అప్పులు చేశాయో లెక్కలేదు. నీళ్ల మీద పూలు కనిపిస్తే ఎవరో పోయారన్నమాటే. మన దగ్గర సద్దుల బతుకమ్మ రాత్రి చెరువు నిండా పూలు తేలుతాయి. ఒడ్డున పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద పంచుతుంటారు. ఒకరి పసుపు ఇంకొకరి చెంపలకెక్కుతుంది. గౌరమ్మను అత్తారింటికి పంపిన దిగులు కొంచెం ఉంటుంది, ఆకలీ ఉంటుంది.

పేర్చడంలోనూ పెద్ద పనితనముంది. తాంబాళంలో గుమ్మడాకులో ఆముదపాకులో పరిచి, అంచు వెంట తంగేడు గుండ్రంగా పెడతారు. గునుగు కాడలు సమానంగా కత్తిరించి, కొసలు రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, వరుస మీద వరుస లేపుతారు. కాడలన్నీ లోపలికి, పూత బయటికి. నడుమ బోలు పడకుండా ఆకులు కూరుతారు. పైన గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ. ఏ చక్రంలోనూ ఒదగని తంగేడును ఆడవాళ్లు కట్టలుగా చేసి చక్రంలో కూర్చోబెట్టారు. మరునాటికి అదేమీ మిగలదు కాబట్టి శిల్పకళ పుస్తకాల్లో దానికి పేజీ దొరకలేదు.

2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. ప్లాట్లుగా మారిన చెలకల్లో అది తగ్గిపోతుంటే పండగ ముందు రోజు జనగామ బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు. పక్కనే బంతి, చామంతి రాశులు. అడవి పువ్వును పెంచలేకపోయామని జెల్డా దిగులుపడింది, మనం కొనుక్కునే దాకా వచ్చాం.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద గేమ్ కంపెనీలు స్టూడియోలు నడుపుతున్నాయి. వాటిల్లో పనిచేసే మన పిల్లలెవరైనా రేపు ఓరుగల్లు అడవుల్లో జరిగే ఫాంటసీ ఆట ఒకటి తయారుచేయకపోరు. కోటగుళ్ల పద్మాన్ని తలుపు తాళానికి గుర్తుగా పెట్టుకోవచ్చు, పెంబర్తి ఇత్తడిని కవచంగా తొడగొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం పడాలి. మోదుగు ఫాల్గుణంలో పూస్తుంది, గునుగు భాద్రపదంలో. రెండూ ఒకే గట్టు మీద ఒకేసారి పూయించారో, చిన్నగూడూరు పిల్లలు మొదటి లెవెల్‌లోనే తప్పు పట్టేస్తారు.