ఒక క్రియాపదం, ఒక వెండి పతకం: చెస్మ స్మారక పతకం గుర్తింపు, విలువ నిర్ణయం

సారాంశం: రష్యా సామ్రాజ్య కాలపు వెండి పతకాలు తమ దేశం వెలుపల చాలాసార్లు అపరిచిత వస్తువులుగానే మిగిలిపోతాయి. లిపి తెలియనిచోట వాటిని నాణేలుగానో, తూకానికి అమ్మే వెండిగానో లెక్కించే ప్రమాదం ఉంది. 1770 నాటి చెస్మ పతకాన్ని ఉదాహరణగా తీసుకొని, గుర్తింపు పూర్తికాకుండా విలువ కట్టడం సాధ్యం కాదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పతకం, టంకశాల, చెస్మ, కాలనిర్ణయం, మరుముద్ర, విలువ.

1. వస్తువు ఏ కోవకు చెందినది?

గుర్తింపులో మొదటి ప్రశ్న తేదీ కాదు, కోవ. నాణెం మీద దాని మారకపు విలువ ఉంటుంది. పతకం మీద ఉండదు. పతకాలలోనూ తేడాలున్నాయి. యుద్ధంలో పాల్గొన్నవారికి ఇచ్చి, ఛాతీపై ధరింపజేసే బహుకరణ పతకం ఒకటి. భద్రపరచుకొని చూడటానికి ఉద్దేశించిన పెద్ద స్మారక పతకం రెండవది. పట్టాభిషేకం వంటి ఉత్సవాలలో పంచిపెట్టే చిన్న బిళ్ల మూడవది. దీనిని రష్యాలో జెటాన్ అంటారు. ధరించే పతకానికి పైభాగాన రిబ్బను దూర్చే ఉంగరం ఉంటుంది. అది విరిగినా, తరువాత ఎవరైనా తొలగించినా అంచుమీద దాని జాడ మిగులుతుంది. అందువల్ల పరిశీలన ముఖభాగంతో కాక అంచుతో ప్రారంభం కావడం మంచిది.

2. చెస్మ పతకం

1768-74 మధ్య రష్యా, ఉస్మానియా సామ్రాజ్యాల నడుమ జరిగిన యుద్ధంలో చెస్మ నౌకాసమరం ప్రధాన ఘట్టం. ఆసియా మైనర్ పశ్చిమ తీరాన, కియోస్ ద్వీపానికి ఎదురుగా ఉన్న రేవు చెస్మ. ఆ పేరుకు తురుష్క భాషలో నీటి ఊట, చలమ అని అర్థం. అలెక్సీ ఓర్లోవ్ సర్వసేనాధిపత్యంలో, స్పిరిదోవ్, గ్రేగ్ వంటి నౌకాధికారుల నాయకత్వంలో వచ్చిన రష్యా దళంలో 9 పెద్ద యుద్ధనౌకలుండగా, ప్రత్యర్థి పక్షాన 16 ఉన్నాయి. బహిరంగ సముద్రంలో తొలి పోరు ముగిశాక ఉస్మానియా నౌకలు ఇరుకైన రేవులోకి చేరుకున్నాయి. అక్కడ అవి ఒకదానికొకటి దగ్గరగా నిలవడంతో, రష్యన్లు ఫిరంగులతోనూ నిప్పునౌకలతోనూ దాడిచేసినప్పుడు మంటలు త్వరగా వ్యాపించాయి. ఒక్క రాత్రిలో నౌకాదళం దాదాపు పూర్తిగా దగ్ధమైంది.

ఈ విజయానికి గుర్తుగా రెండవ కేథరిన్ ప్రభుత్వం సమరంలో పాల్గొన్న నావికులకు, సైనికులకు వెండి పతకాలిచ్చింది. వాటిని నీలి రిబ్బనుతో ధరించేవారు. పతకం ముందువైపు మహారాణి రూపం, బిరుదావళి ఉంటాయి. వెనుకవైపు మండుతున్న నౌకాదళం, దిగువన చెస్మ పేరు, 1770 సంవత్సరం, పైన ఒకే ఒక మాట "బిల్" కనిపిస్తాయి.

3. ఆ ఒక్క మాట

ఈ మాటను వ్యక్తి పేరుగానో ఊరి పేరుగానో భావిస్తే గుర్తింపు అక్కడే దారి తప్పుతుంది. ఇది "ఉండు" అనే అర్థమిచ్చే ధాతువుకు భూతకాల రూపం. రష్యన్‌లో భూతకాల క్రియ ఏకవచనంలో లింగాన్ని సూచిస్తుంది, పురుషను సూచించదు. ఇక్కడి రూపం పుంలింగ ఏకవచనం. నౌకాదళానికి రష్యన్‌లో వాడే "ఫ్లోత్" అనే పదమూ పుంలింగమే. కర్త శాసనంలో లేదు, కింది చిత్రంలో ఉంది. మాటను, చిత్రాన్ని కలిపి చదివితేనే వాక్యం పూర్తవుతుంది.

తెలుగులో దీనిని "ఉండెను" అని అనువదిస్తే వ్యాకరణం సరిపోతుంది, భావం సరిపోదు. "ఉండెను" ప్రథమపురుషను తెలుపుతుంది గాని లింగాన్ని తెలుపదు. పైగా "ఇక లేదు" అనే ధ్వని అందులో బలహీనం. "ఉండేది" అన్నప్పుడు అమహద్వాచక కర్త, గతించిపోయిన స్థితి రెండూ వ్యక్తమవుతాయి. శత్రు నౌకాదళం ఒకప్పుడు ఉండేది అన్నదే పతకం చెప్పదలచినది. వస్తుపట్టికలో ఈ అర్థం నమోదు కాకపోతే తరువాతి పరిశోధకుడికి అది కేవలం నౌకల బొమ్మ ఉన్న వెండి బిళ్లగానే మిగులుతుంది.

4. కాలనిర్ణయానికి ఆధారాలు

పతకంపై కనిపించే సంవత్సరం ఘటనకు చెందినదే గాని, అది ఆ వస్తువు ముద్రణకు నిర్ణాయక సాక్ష్యం కాదు. కాబట్టి ఇతర ఆధారాలు అవసరం. మొదటిది వర్ణక్రమం. "బిల్" అనే మాట చివర ఉచ్చారణ లేని "యెర్" అనే అక్షరం ఉంటుంది. 1918 నాటి లిపి సంస్కరణ పదాంతంలోని ఈ అక్షరాన్ని తొలగించింది. అది లేని శాసనం పాత అచ్చు నుంచి వచ్చినది కాదని అనుమానించాలి. అయితే అది ఉన్నంత మాత్రాన ప్రాచీనత రుజువు కాదు. నకలు చేసేవాడు దానినీ నకలు చేయగలడు.

రెండవది బిరుదావళి. పాలకుల పేరుకు ముందు "దైవానుగ్రహం చేత" అనే అర్థంలో రెండు పొడి అక్షరాలు చెక్కడం ఆనాటి ఆచారం. మన శాసనాల ఆరంభంలోని "స్వస్తిశ్రీ" మాదిరిగా ఇటువంటి స్థిరపదబంధాలు పోలికకు తోడ్పడతాయి. మూడవది శిల్పి సంకేతం. ఆ కాలపు ప్రముఖ పతకశిల్పి తిమోఫేయ్ ఇవనోవ్ తన పేరు తొలి అక్షరాలను అనేక పతకాలపై చెక్కాడు. నాలుగవది పంచాంగం. రష్యా అప్పుడు జూలియన్ పంచాంగాన్ని పాటించింది. 18వ శతాబ్దంలో రెండు పంచాంగాల మధ్య తేడా 11 రోజులు. నౌకలు దగ్ధమైన జూన్ 25-26 రాత్రి నేటి లెక్కలో జూలై 6-7 అవుతుంది. గ్రంథాలలో రెండు తేదీలు కనిపించడానికి కారణమిదే.

5. అసలు, మరుముద్ర, నకిలీ

రష్యా టంకశాలలు సేకర్తల కోసం పాత అచ్చులతోనో కొత్తగా చెక్కిన అచ్చులతోనో మరుముద్రలు వేసిన సందర్భాలున్నాయి. వాటిని "నోవొదెల్" అంటారు. అవి అధికార టంకశాలలో పుట్టినవే కాబట్టి నకిలీలు కావు. కాని నావికుడికి ఇచ్చిన పతకాలూ కావు. పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుబారి, ఉపరితలంపై సూక్ష్మమైన గుంటలు ఏర్పడి, కొన్నిసార్లు అంచున అతుకు గీత కనిపిస్తుంది.

లోహాన్ని హాని లేకుండా పరీక్షించడానికి సాంద్రత ఒక మార్గం. గాలిలో, నీటిలో తూచి లెక్కకట్టవచ్చు. ఘన సెంటీమీటరుకు వెండి సాంద్రత సుమారు 10.5 గ్రాములు, రాగి సాంద్రత సుమారు 8.96 గ్రాములు. వెండి, రాగి మిశ్రమం వీటి మధ్యనే ఉండాలి.

6. విలువ

పాత రష్యాలో వెండి మేలిమిని 96 భాగాలకు లెక్కించేవారు. ఆ భాగం పేరు "జొలోత్నిక్". 84 అంకె ఉన్న వెండిపనిలో 875/1000 మేలిమి ఉంటుంది. అంటే 24 గ్రాముల వస్తువులో 21 గ్రాముల వెండి. 1764 తరువాతి రూబుల్ నాణెం తూకం కూడా 24 గ్రాములే అయినా, 72 భాగాల మేలిమి వల్ల అందులో ఉన్న వెండి 18 గ్రాములు మాత్రమే. టంకశాల పతకాలపై సాధారణంగా మేలిమి ముద్ర ఉండదు. కనుక ముద్ర లేదని తక్కువ వెండిగా తలచకూడదు.

ఈ లెక్క ఇచ్చేది లోహపు విలువ ఒక్కటే. దానిపైన సేకర్తల విపణి విలువ ఉంది. అది మొదటి ముద్రా, మరుముద్రా అనే విషయంపై, అరుదుదనంపై, భద్రస్థితిపై, చేతులు మారిన చరిత్రపై ఆధారపడుతుంది. చారిత్రక విలువ వీటికి భిన్నం. ఉంగరం అరిగి, రూపరేఖలు మసకబారిన పతకం విపణిలో తక్కువ ధర పలకవచ్చు. అయినా ఎవరో దానిని ఏళ్లతరబడి ధరించారనడానికి ఆ అరుగుదలే సాక్ష్యం.

మన ఇళ్లలో వెండిని విభూతితోనో చింతపండుతోనో తోమి మెరిపించడం అలవాటు. పూజాసామగ్రికి అది తగును. పాత పతకానికి తగదు. తోమినప్పుడు కాలక్రమంలో ఏర్పడిన పూతతోపాటు సన్నని గీతలు, శిల్పి సంకేతం కూడా అరుగుతాయి. వెండి దుకాణంలో తరుగు తీసి తూకం కట్టించి కరిగిస్తే మిగిలేది లోహమే.

ముగింపు

అంచు, లిపి, వ్యాకరణం, పంచాంగం, లోహం అనే వరుసలో పరిశీలన సాగితే అపరిచిత పతకానికి చరిత్రలో స్థానం దొరుకుతుంది. చెస్మ పతకంలో ఒకే క్రియాపదం మొత్తం ఘటనను మోస్తున్నది. దానిని గుర్తించడానికి నాణేల పరిజ్ఞానంతోపాటు భాషా పరిజ్ఞానమూ కావాలి. ప్రదర్శనశాలల పట్టికలలో ఇటువంటి వస్తువుల తూకంతోపాటు శాసన పాఠం, దాని అర్థం, అంచు స్థితి కూడా నమోదైతే, వాటికి కట్టే వెలకు ఆధారం ఏర్పడుతుంది.